నింద మోపినంత సులువుగా దించలేమా? వాచ్‌మన్‌కి రాసే కాగితంలో ఏ మాట ఉండాలి

నిజాంపేట_వాణి
మా అపార్ట్‌మెంట్‌లో జరిగిన సంగతి చెప్పి ఒక మాట అడగాలి. మూడో అంతస్తు వాళ్ల అబ్బాయి గేర్ల సైకిల్ సెల్లార్‌లో కనిపించకుండా పోయింది. ఆ మూలకి సీసీ కెమెరా అందదు. గ్రూపులో ఒకరు "వాచ్‌మన్‌కి తెలియకుండా ఎలా పోతుంది" అన్నారు, ఇంకొకరు "మొన్న వాళ్ల తమ్ముడు ట్రాలీ ఆటోలో వచ్చాడు కదా" అన్నారు, సాయంత్రానికల్లా వాచ్‌మనే తీశాడని ఖాయం చేసేశారు. పంపు పక్కన వాళ్లుండే గదిలోకి నలుగురు వెళ్లి రేకు పెట్టె తెరిపించారు. అందులో ఆయన భార్య చీరలు, రేషన్ కార్డు, పిల్లల టీసీలు ఉన్నాయి. సైకిల్ పోతే పెట్టె తెరిపించడం ఏమిటో నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

తర్వాత తేలిందేమిటంటే, ఆ అబ్బాయి మేనమామ సైకిల్‌ని రిపేర్‌కి తీసుకెళ్లి ఇంట్లో చెప్పడం మర్చిపోయాడు. కమిటీ వాళ్లు లిఫ్ట్ తలుపు మీద ఒక కాగితం అంటించారు: "ఇటీవల జరిగిన సంఘటన వలన కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." కింద స్టాంపు, దాని మీద సంతకం. వాచ్‌మన్ అది చదివి "ఇది నాకు రాసిన్రా మేడం? లిఫ్టు ఖరాబైనప్పుడు గూడ ఇదే అంటించిన్రు" అన్నాడు.

జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ కాగితం మార్చమని అడగబోతున్నా. చింతిస్తున్నాం, విచారిస్తున్నాం, మన్నించండి, క్షమాపణ కోరుతున్నాం, పొరపాటు జరిగింది, తప్పు చేశాం... ఏది రాస్తే ఆయన మీద పడ్డ నింద పోతుంది? అందరూ "ఏదైనా ఒకటే" అంటున్నారు. ఒకటే కాదని నా మనసు చెబుతోంది, ఎందుకు కాదో మాత్రం నలుగురిలో చెప్పలేకపోతున్నా.

డెస్క్‌లో_రాత్రిళ్లు
ఒకటే కాదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నది సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ఆలస్యమైతే వినిపించే మాట. అక్కడ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు. చింతించడం, విచారించడం మన మనసులో జరిగే పనులు. వాటిలో చేసినవాడూ లేడు, పడ్డవాడూ లేడు. పక్కింటాయన చనిపోయినా విచారిస్తాం, అందులో మన తప్పేం ఉంటుంది? పత్రికలో సవరణ వేసేటప్పుడు కూడా మేం చూసుకునేది ఇదే. "పొరపాటుకు చింతిస్తున్నాం" అని వదిలేస్తే సవరణ కాదు, ఏది తప్పుగా అచ్చయిందో, నిజం ఏమిటో రాస్తేనే సవరణ.

పాలమూరు_బిడ్డ
కాగితం సంగతి తర్వాత. ఆ నలుగురు ఆయన ముంగట నిలబడి "గల్తీ అయింది" అనాలె. మా ఊర్ల పెద్దమనుషులు కూసుంటే ముందు అడిగేది అదే, ఎవరన్నరు, ఎవరి ముంగట అన్నరు అని.

గుంటూరు_గోంగూర
వాణి గారూ, "క్షమాపణ కోరుతున్నాం" అని రాసేయండి. మర్యాదగా ఉంటుంది, అందరికీ అర్థమవుతుంది.

సైదాబాద్_శాస్త్రి
గోంగూర గారూ, క్షమాపణ అంటేనే క్షమించమని అడగడం. సంస్కృతంలో క్షమించేది క్షమ, క్షమింపజేసుకునేది క్షమాపణ. కాబట్టి క్షమాపణ చెప్పుకోవచ్చు, చేసుకోవచ్చు, కానీ "క్షమాపణ కోరడం" అంటే అడగడాన్ని అడగడం అవుతుంది. కోరాల్సింది క్షమను. పైగా క్షమ అంటే ఓర్పు, భూమికి కూడా ఆ పేరుంది. ఎంత తొక్కినా భరించేది కనుక.

గుంటూరు_గోంగూర
శాస్త్రి గారూ, మీరు చెప్పింది వ్యుత్పత్తి, ఒప్పుకుంటా. కానీ క్షమాపణ కోరడం అని పత్రికలు, అసెంబ్లీ, కోర్టులు అన్నీ రాస్తున్నాయి. వాడుకలో నిలబడిన మాటని తప్పనకూడదు. ఆ వాచ్‌మన్‌కి కావలసింది ధాతువు కాదు కదా.

సైదాబాద్_శాస్త్రి
వాడుకని తప్పనడం లేదు నాయనా. నా బాధ వేరే. భూమిలా ఓర్చుకోమని ఆయన్ని అడుగుతున్నాం, ఆయన ఇప్పటికే ఓర్చుకున్నాడు. ఇప్పుడు చేయాల్సిన పని మనవైపు ఉంది. అందుకే నేనైతే ఈ కాగితంలో క్షమ అనే మాటని చివరికి పెడతాను, మొదట పెట్టను.

నిజాంపేట_వాణి
శాస్త్రి గారూ, ఇదే, నాకు మాటల్లో పెట్టడం రానిది ఇదే. "మమ్మల్ని మన్నించు" అని మొదలుపెడితే మళ్లీ పని ఆయన నెత్తినే పడుతుంది.

బడిపంతులు_హనుమకొండ
పిల్లల దగ్గర రోజూ చూస్తాం దీన్ని. "టీచర్, గ్లాసు పగిలింది" అంటాడు, "గ్లాసు పగలగొట్టాను" అనడు. తెలుగులో ఈ సౌకర్యం ఎక్కువ. పగిలింది, పోయింది, జరిగింది, అయిపోయింది. చేసినవాడి పేరు లేకుండా వాక్యం హాయిగా నిలబడిపోతుంది. "తప్పు జరిగింది" అనేవాళ్లని నేనైతే వెంటనే అడుగుతా, ఎవరి చేత జరిగింది అని. కాగితంలో ఏ మాట పెట్టినా సరే, "జరిగిన" అన్న క్రియ తీసి "మేము చేసిన" అని పెట్టండి, సగం పని అక్కడే అవుతుంది.

సెక్రటరీ_మియాపూర్
నేను ఇంకో అపార్ట్‌మెంట్‌లో సెక్రటరీని, కాబట్టి రెండోవైపు కూడా వినండి. ఈ పని జీతం లేకుండా చేస్తాం. ట్యాంకర్ రాకపోతే తిట్లు మాకే, జనరేటర్ ఆగితే తిట్లు మాకే. అందరూ కలిసి గ్రూపులో అన్న మాటకి కమిటీ సంతకంతో "తప్పు చేశాం" అని రాసిస్తే రేపు అది ఎక్కడికైనా వెళ్తుంది. ఆ భయంతోనే చింతిస్తున్నాం అని రాసి ఉంటారు, కావాలని కించపరచడానికి కాదు. పైగా వాళ్లు నిజంగానే అనుమానించారు, అనుమానం నేరం కాదు కదా. "పొరపాటున అనుమానించాం" అంటే చాలు.

పాలమూరు_బిడ్డ
అనుమానం మనసుల ఉంటే నేరం కాదు అన్నా. పెట్టె తెరిపిస్తే అది అనుమానం కాదు.

సిటీసివిల్_కోర్టు_మెట్లు
సెక్రటరీ గారి భయం అర్థమైంది, అందుకే రాస్తున్నా. ఇంకొకరి గదిలోకి వెళ్లి పెట్టె తెరిపించే అధికారం ఏ అసోసియేషన్‌కీ లేదు. సోదా చేయాలంటే పోలీసులకే పద్ధతులున్నాయి. ఇక గ్రూపులో పేరు పెట్టి దొంగ అన్నారు కాబట్టి పరువు నష్టం మాట వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఈ సమాజ సేవ అంతకుముందున్న శిక్షాస్మృతి ఐపీసీలో లేదు, కొత్తగా వచ్చింది. కానీ ఇది రాజీకి వీలున్న నేరం. ఎవరి పరువు పోయిందో ఆ మనిషి ఒప్పుకుంటే ముగిసిపోతుంది. కాబట్టి సూటిగా తప్పు ఒప్పుకుంటే కొంప మునుగుతుందన్న భయం ఇక్కడ పెద్దగా పనికిరాదు, రాజీకి దారి చూపించేది కూడా అదే.

ఇంకో మాట. కోర్టులో నిందితుడు వేరు, దోషి వేరు. నింద పడ్డవాడు నిందితుడు, నేరం రుజువైనవాడు దోషి. మీ గ్రూపులో మధ్యాహ్నం నిందితుడిగా ఉన్నవాడు సాయంత్రానికి దోషి అయ్యాడు, విచారణ లేదు, సాక్ష్యం లేదు. ఈ తేడా కొన్నిసార్లు టీవీ వాళ్లు కూడా పాటించరు.

యాకుత్‌పురా_చాయ్
వకీల్ సాబ్, ముద్దాయిని మర్చిపోయారు. మా ఇంట్లో ఉర్దూ కాబట్టి చిన్నప్పుడు తెలుగు పేపర్ చదివి చాలా తికమక పడ్డా. ఉర్దూలో ముద్దయీ అంటే కేసు వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే కేసు పడినవాడు! "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అని సామెత, ఫిర్యాదు చేసినవాడు మందంగా ఉంటే సాక్షి హుషారుగా ఉన్నాడట. వాణి గారి గ్రూపులో అచ్చం అదే జరిగింది, సైకిల్ వాళ్లకంటే మిగతావాళ్లకే తొందర.

సిటీసివిల్_కోర్టు_మెట్లు
నిజమే చాయ్ భాయ్, కోర్టు మాటల్లో వకీలు, వకాల్తా, ఫిర్యాదు, జరిమానా, రాజీనామా అన్నీ అటు నుంచి వచ్చి తెలుగులో కుదురుకున్నాయి. రాజీనామా అయితే రాజీ కాగితం నుంచి ఉద్యోగం మానేసే కాగితం అయిపోయింది. ముద్దాయి ఒక్కటే గట్టు దాటి అవతలివైపు నిలబడ్డాడు.

గుంటూరు_గోంగూర
అంటే నింద వేసినవాడి పేరే నింద పడ్డవాడికి వచ్చేసింది. భాషే తీర్పు చెప్పేసింది 😄

యాకుత్‌పురా_చాయ్
మాఫీ గురించి కూడా చెప్తా. హజ్‌కి వెళ్లేముందు మా పెద్దవాళ్లు చుట్టాలు, ఇరుగుపొరుగు అందరి ఇళ్లకీ వెళ్లి "కహా సునా మాఫ్ కర్నా" అంటారు. అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యండి అని. అన్న మాట అన్నవాడు మోసుకెళ్లకూడదు, బాకీ తీర్చుకుని బయల్దేరాలి. మా నానీ, అంటే అమ్మమ్మ, బయల్దేరేముందు గుడ్డలు ఉతికే ఆమె ఇంటికి కూడా వెళ్లింది, ఆమె వాకిట్లో నిలబడి చెప్పింది. ఆమెని మా ఇంటికి పిలిపించలేదు. మనుషుల దగ్గర పడ్డ బాకీ మనుషుల దగ్గరే తీర్చుకోవాలని మా నానీ గట్టిగా చెప్పేది.

బేగంబజార్_కిరాణా
మా జైనుల్లో సంవత్సరి రోజున ఇదే. మా పర్యూషణ్ పండుగ రోజుల్లో చివరిది అది, వినాయక చవితి చుట్టుపక్కలే వస్తుంది. "మిచ్ఛామి దుక్కడం" అని ఒకరికొకరు చెప్పుకుంటాం, నేను చేసిన చెడు నిష్ఫలమైపోవాలి అని. ప్రాకృతం మాట. దుకాణంలో పనిచేసే కుర్రాళ్లకి కూడా మా నాన్న చేతులు జోడించి చెప్తారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఇప్పుడు ఫోన్‌లో ఒకే బొమ్మ అందరికీ పంపేస్తున్నారు. నిజంగా గొడవపడ్డ మనిషికి ఆ బొమ్మ పంపితే మీ లిఫ్ట్ తలుపు కాగితమే అవుతుంది.

మల్కాజిగిరి_అమ్మమ్మ
చవితి మాట వచ్చింది కాబట్టి. నీలాపనింద అని మనవాళ్లు అంత భయపడేది ఎందుకు? చవితి చంద్రుణ్ణి చూసిన కృష్ణుడికే తప్పలేదు. శ్యమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని సత్రాజిత్తు అన్నాడు. చంపింది సింహం, సింహాన్ని చంపింది జాంబవంతుడు. కృష్ణుడు ఏం చేశాడు? నేను దేవుణ్ణి, నన్ను నమ్మండి అని కూర్చోలేదు. అడవిలోకి వెళ్లి అడుగుజాడలు పట్టుకుని, గుహలో యుద్ధం చేసి మణి తెచ్చి ఊరందరి ముందూ ఇచ్చాడు. అప్పుడు సత్రాజిత్తు సిగ్గుపడి కూతుర్నీ, మణినీ తెచ్చి ఇచ్చాడు. అన్న నోటితోనే వెనక్కి తీసుకోవాలి, అన్న చోటే తీసుకోవాలి. ఏటా అక్షింతలు చేతిలో పట్టుకుని వింటాం, మన సెల్లార్‌కి వచ్చేసరికి మర్చిపోతాం.

బడిపంతులు_హనుమకొండ
అమ్మమ్మ గారికి దండం. ఇంకో సంగతి గమనించారా, కథలో మణి ఎవరూ వెతకమనకుండా నింద పడ్డవాడే వెళ్లి వెతికాడు. ఇక్కడ కూడా వాచ్‌మన్ వెతికే ఉంటాడు.

నిజాంపేట_వాణి
వెతికాడు మాస్టారూ. పక్క వీధి సైకిల్ షాపులన్నీ తిరిగాడట. ఆ మేనమామ ఇచ్చిన షాపులో సైకిల్ చూసి చెప్పింది ఆయనే.

పాలమూరు_బిడ్డ
ఈ ముచ్చట ముందే చెప్పాలె కదక్కా. దొరికిచ్చినోడు ఆయనే అని ఆ కాగితంల ఉందా?

నిజాంపేట_వాణి
లేదు.

డెస్క్‌లో_రాత్రిళ్లు
అయితే అదే మొదటి వాక్యం.

సెక్రటరీ_మియాపూర్
సరే, ఇది నాకూ తెలియదు. నా మాట కొంత వెనక్కి. కానీ పొరపాటు అన్న మాట ఎందుకు కుదరదో చెప్పండి, నిజంగా అడుగుతున్నా.

బడిపంతులు_హనుమకొండ
చూడకుండా ఒకరి చెప్పులు ఇంకొకరు వేసుకెళ్తే పొరపాటు. కూడికలో ఒకటి మర్చిపోతే పొరపాటు. మనసు అక్కడ లేనప్పుడు జరిగేది. నలుగురు మాట్లాడుకుని, మెట్లు దిగి, గది తలుపు కొట్టి, పెట్టె తెరవమన్నారు. ప్రతి మెట్టు మీదా ఆగే వీలుంది. ఆగలేదు కాబట్టి అది తప్పు. ఆ అబ్బాయి మేనమామ ఇంట్లో చెప్పకపోవడం ఉందే, అదీ పొరపాటు.

తప్పు అన్న మాట అంత భయపడేది కూడా కాదు. దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం... ఉండాల్సిన చోట లేకపోవడం అంతే. మళ్లీ దారిలోకి రావచ్చు. మన ఊళ్లలో పంచాయితీ పెద్దలు వేసే జరిమానాని కూడా తప్పు అనేవాళ్లు, "తప్పు కట్టాడు" అంటే ఇక ఆ గొడవ ముగిసినట్టే.

గుంటూరు_గోంగూర
మాస్టారూ, మరి నెపం? మా వైపు సాకు అనే అర్థంలో వాడతాం. నా మీద నెపం నెట్టాడు అని కూడా అంటాం.

బడిపంతులు_హనుమకొండ
రెండూ ఉన్నాయి. "అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు" అని మనం చిన్నప్పుడు చదివిన పద్యంలో నెపం అంటే తప్పు. కీడు చేసినవాడి తప్పులు ఎంచకుండా మేలు చేసేవాడు నేర్పరి అని. చాలామంది పిల్లలకి అక్కడ "సాకులు చెప్పకుండా" అని అర్థం చెప్పేస్తున్నారు, అది కాదు.

మల్కాజిగిరి_అమ్మమ్మ
నింద వేరు, నిష్ఠూరం వేరు అని కూడా రాయండి ఎవరైనా. నిష్ఠూరం అయినవాళ్ల మీద ఆడతాం. "పెళ్లికి పిలిచావు కానీ ముందురోజు ఒక్క ఫోన్ చేయలేదే" అంటే నిష్ఠూరం. అందులో కోపం ఉన్నా మనిషి నా వాడు అన్నది పోదు. నిందలో మనిషిని అవతల నిలబెట్టేస్తాం.

సైదాబాద్_శాస్త్రి
అమ్మా, మన గోల్కొండలోనే ఉంది కదా దానికి ఉదాహరణ. చెరసాలలో కంచర్ల గోపన్న రాముణ్ణి లెక్కలు చెప్పి మరీ తిట్టాడు, ఏ నగకి ఎన్ని వరహాలైందో, ఎవరి సొమ్మని కులుకుతున్నావని. అదే కీర్తన చివర దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అని బతిమాలాడు. నిందాస్తుతి అంటాం. పైకి నింద, లోపల నిష్ఠూరం.

యాకుత్‌పురా_చాయ్
"ఏమనుకోకు" కూడా భలే మాట. అన్నదానికి మాఫీ అడగడం కాదు, నీ మనసులో నా గురించి ఏమీ పెట్టుకోకు అని. హైదరాబాద్‌లో సగం గొడవలు ఆ ఒక్క మాట మీద ఆగుతాయి.

పాలమూరు_బిడ్డ
చిన్న గొడవలకు. కాలు తొక్కినప్పుడు. పెట్టె తెరిపించి "ఏమనుకోకు" అంటే ఎట్ల?

మీరంతా మంచిగ చెప్తున్నరు, నేను నేర్చుకుంటున్న. కానీ వాణక్కా, ఆయనకేం కావాల్నో ఆయన్ని అడిగినవా?

నిజాంపేట_వాణి
అడిగాను, మీరు అన్న తర్వాతే. మోటర్ వేస్తూ చెప్పాడు. కాగితం మీద పట్టింపు లేదట. "గ్రూపుల నా పేరు రాసినోళ్లు అదే గ్రూపుల నా పేరు రాసి నేను తియ్యలేదని చెప్పాలె. పెట్టె తెరిపించినోళ్లు మా ఆడామె దగ్గరికొచ్చి చెప్పాలె, నాకు కాదు" అన్నాడు. ఆయన భార్య ఆ రోజు నుంచి మొదటి అంతస్తు వాళ్లింట్లో అంట్లు తోమడం మానేసింది. పిలిచినా వెళ్లడం లేదు. చీరలు బయట పరిచి చూశారు కదా, దాన్ని ఆవిడ మర్చిపోలేకపోతోంది.

డెస్క్‌లో_రాత్రిళ్లు
ఆయన చెప్పినదాంట్లో మన చర్చంతా ఉంది. ఇదిగో, కాగితం ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

"మన సెల్లార్‌లో కనిపించని సైకిల్‌ను మన వాచ్‌మన్ తీయలేదు. అది ఎక్కడుందో వెతికి చెప్పింది ఆయనే. ఆధారం లేకుండా ఆయన మీద దొంగతనం నింద వేశాము. ఆయన ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిపించాము. ఈ రెండూ మేము చేసిన తప్పులు. ఆయనకూ, ఆయన భార్యకూ క్షమాపణ చెబుతున్నాము. ఇకపై ఎవరి గదినీ ఇలా సోదా చేయము."

వాచ్‌మన్ అన్నచోట ఆయన పేరు, చివర గారు పెట్టండి. కింద సంతకాలు కమిటీవి కాదు, వెళ్లిన నలుగురివీ.

సైదాబాద్_శాస్త్రి
"క్షమాపణ చెబుతున్నాము". నా కడుపు నిండింది.

సిటీసివిల్_కోర్టు_మెట్లు
న్యాయపరంగా నాకు అభ్యంతరం లేదు. గ్రూపులో పాత మెసేజ్‌లు తుడిచేసి ఊరుకోవడం మాత్రం వద్దు. చదివినవాళ్లు చదివేశారు, తుడిస్తే మరక పోదు. వాటి కిందే ఇది పెట్టాలి.

సెక్రటరీ_మియాపూర్
మా అపార్ట్‌మెంట్ రూల్స్‌లో కూడా ఆఖరి వాక్యం చేర్పిస్తాను. వాణి గారూ, మీటింగ్‌లో ఏమైందో చెప్పండి.

నిజాంపేట_వాణి
మీటింగ్ అయింది. చాలాసేపు వాదన. "తప్పు" అన్న మాట తీసి "పొరపాటు" పెట్టాలని కోశాధికారి పట్టుబట్టారు. మాస్టారు చెప్పిన మెట్ల మాట చెప్పాను, ప్రతి మెట్టు మీదా ఆగే వీలుంది అని. అప్పుడు సైకిల్ అబ్బాయి వాళ్లమ్మ లేచి "తప్పు అనే రాయండి, పెట్టె తెరవమన్న వాళ్లలో నేనూ ఉన్నాను" అన్నారు. దాంతో ఒప్పుకున్నారు. గ్రూపులో పెట్టారు, లిఫ్ట్ మీద పాతది తీసి ఇది అంటించారు, ఆయన పేరుతో. నలుగురిలో ముగ్గురు గదికి వెళ్లి ఆవిడకి చెప్పారు. ఆవిడ ఏమీ అనలేదు, సైకిల్ అబ్బాయి వాళ్లమ్మకి మాత్రం కూర్చోమని పీట వేసింది. వాచ్‌మన్ "పోనీయండి సార్" అన్నాడు.

మల్కాజిగిరి_అమ్మమ్మ
"పోనీయండి" అన్నాడని అంతా పోయిందనుకోకండి. అది ఆయన మంచితనం. ఆవిడ ఏమీ అనకపోవడం కూడా సబబే. క్షమాపణ చెప్పగానే క్షమించి తీరాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

పాలమూరు_బిడ్డ
నాలుగో ఆయన?

నిజాంపేట_వాణి
సంతకం పెట్టాడు, గదికి మాత్రం రాలేదు. సంతకం పెట్టాక ఇంకేం కావాలి అంటున్నాడు. వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను.